కిడ్నీ జబ్బు లెక్క రెండు రాష్ట్రాలూ కలిసి తీయండి: ఆంధ్ర, ఒడిశా ఆరోగ్య శాఖలకు ఉద్దానం నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల ఆరోగ్య శాఖ మంత్రులకు, ముఖ్య కార్యదర్శులకు, శ్రీకాకుళం, గంజాం, గజపతి జిల్లాల కలెక్టర్లకు నమస్కారాలు.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టి, ఇక్కడి ల్యాబుల్లోనే రక్తపరీక్షలు చేస్తూ బతుకుతున్న టెక్నీషియన్‌ని. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. తెలుగూ ఒడియా రెండూ ఇంట్లో మాట్లాడుకునే మిత్రులు నాకు ఒడిశాలోని బరంపురంలో ఉన్నారు. దీన్ని ఒడియాలోకి మార్చి అవతలి అధికారులకు అందిస్తామని మాటిచ్చారు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. సరిహద్దుకు రెండువైపులా మనుషుల్ని తినేస్తున్న ఈ కిడ్నీ జబ్బును రెండు రాష్ట్రాలూ కలిసి, ఒకే పద్ధతిలో కొలవండి. ఒకే రిజిస్టర్‌లో రాయండి.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. మా ఉద్దానంలోని ఈ ఏడు మండలాల్లో క్రియాటినైన్ అనే మాట తెలియని ఇల్లు ఉండదు. కిడ్నీలు పాడయ్యే కొద్దీ రక్తంలో పెరిగే వ్యర్థ పదార్థం అది. సంతకం కూడా రాని ముసలమ్మ ల్యాబు కిటికీ దగ్గర నిలబడి "ఈపాలి ఎంతొచ్చింది బాబూ?" అని అడుగుతుంది. అంకె చెప్పగానే ఆమె ముఖం చూస్తే చాలు, ఆ అంకెకు అర్థమేమిటో ఆమెకు ఎవరూ వివరించనక్కర్లేదని తెలుస్తుంది. వచ్చేవాళ్లలో చాలామందికి బీపీ ఉండదు, షుగర్ ఉండదు, కాళ్ల వాపులుండవు. కొబ్బరి తోటలోనో జీడితోటలోనో కష్టం చేసుకునే మనిషి ఆకలి తగ్గిందనో, నీరసంగా ఉందనో వస్తాడు. పరీక్ష చేస్తే కిడ్నీలు అప్పటికే సగానికి పైగా పాడై ఉంటాయి. 2019లో ఒకటి, 2020లో ఒకటి, ఇక్కడి జబ్బు మీద రెండు అధ్యయనాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఒక్కోదానిలో రెండు వేల మందికి పైగా పరీక్షించారు. పెద్దవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువ మందికి అది ఎందుకొచ్చిందో తెలియదు. నీళ్లలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పని చేయడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశంలో ఉందన్నారు. ఏ ఒక్కటీ ఇప్పటికీ గట్టిగా రుజువు కాలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. అలా అంటే అబద్ధమవుతుంది. ఒకప్పుడు డయాలసిస్ కోసం మా వాళ్లు విశాఖపట్నం దాకా రైలెక్కేవాళ్లు. ఇప్పుడు సోంపేటలో, కవిటిలో, పలాసలో కేంద్రాలున్నాయి. డయాలసిస్ మీదున్నవారికి నెలకు పది వేల రూపాయల పింఛను వస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. దాదాపు 700 కోట్ల రూపాయలతో హిరమండలం నుంచి వంశధార నీటిని ఊళ్లకు మళ్లించారు. పార్టీలు మారినా ఈ పనులు ఆగకపోవడం మాకు పెద్ద ఊరట. కానీ ఇంత చేశాక కూడా మామూలు ప్రశ్న ఒకదానికి ఏ అధికారి దగ్గరా జవాబు లేదు. కొత్తగా జబ్బు పడేవాళ్లు తగ్గుతున్నారా, పెరుగుతున్నారా? డయాలసిస్ కుర్చీలు ఎన్ని నిండాయో మనకు తెలుసు. ఆ కుర్చీ దాకా రాకముందు ఊళ్లో ఎంతమంది ఉన్నారో, అందులో ఈ ఏడాది కొత్తవాళ్లెందరో తెలియదు. ఎంతమంది చనిపోయారన్న దాని మీద అయితే ఎవరి నోట విన్నా ఒక్కో అంకె.

ఇక సరిహద్దు మాట. ఇచ్ఛాపురం దాటితే పురుషోత్తపురం చెక్‌పోస్టు, దాని అవతల గిరిసోల. లారీల వాళ్లకు అది సరిహద్దేమో గానీ మాకు కాదు. మా ఆడపిల్లల్ని గంజాం ఊళ్లకిస్తాం, అక్కడి పిల్లల్ని కోడళ్లుగా తెచ్చుకుంటాం. ఇచ్ఛాపురం మనిషికి ఒంట్లో బాగోకపోతే శ్రీకాకుళం కంటే బరంపురమే దగ్గర, కాబట్టి అక్కడి ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి పోతాడు. గంజాం పల్లెల నుంచి బంధువుల ఇంట్లో ఉండి ఇటువైపు వైద్యం చేయించుకునేవాళ్లూ ఉన్నారు. గజపతి కొండల్లో పుట్టిన బాహుదా ఇచ్ఛాపురం మీదుగా సముద్రంలో కలుస్తుంది. మహేంద్రతనయ ఒడిశా నుంచి దిగి మా బారువ దగ్గర కలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లనూ గజపతి కొండచరియల్నీ ఒకే రోజు కూల్చింది. మేం తాగే నీరూ, మా మీద కాసే ఎండా, చేసే పనీ, తినే తిండీ ఒకటే. రిజిస్టర్లు మాత్రం రెండు.

దీనివల్ల ఏమవుతోందంటే, సోంపేటలో మందులు వాడుతున్న మనిషి బరంపురం వెళ్లిపోతే ఇక్కడి పుస్తకంలో 'మళ్లీ రాలేదు' అని పడుతుంది. అక్కడ అతను కొత్త కేసు అవుతాడు. చనిపోతే రెండు చోట్లా తెలియదు. పోనీ ఒడిశావైపు ఈ జబ్బు లేదా అంటే, ఉంది. కటక్ జిల్లాలో నర్సింగ్‌పూర్, బడంబా బ్లాకుల్లో ఇలాంటి కిడ్నీ జబ్బు గురించి ఏళ్లుగా వింటున్నాం. ఒడిశాను ఆనుకునే ఉన్న ఛత్తీస్‌గఢ్ గరియాబంద్ జిల్లాలో సుపేబేడా అనే చిన్న ఊరు ఇదే బాధతో దేశమంతా వార్తల్లోకెక్కింది. ఈ ఊళ్లన్నిట్లో ఉన్నది ఒకే జబ్బా, వేర్వేరు జబ్బులా? ఈ మాట తేల్చాలంటే ఒక చోట కొలిచిన అంకెను ఇంకో చోట కొలిచిన అంకె పక్కన పెట్టి చూడగలగాలి. ఇవాళ ఆ పని కుదరదు. ఎందుకు కుదరదో నా పని నుంచే చెబుతాను.

మా దగ్గరి బంధువొకాయన, యాభై దాటిన మనిషి, రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాడు. ఒక నెలలోనే మూడు ల్యాబుల్లో చేయించాడు. మూడు కాగితాల మీదా మూడు అంకెలు. పెరిగిందని ఒకచోట టెన్షన్ పడ్డాడు, తగ్గిందని ఇంకోచోట సంతోషించి మందులు మానేశాడు. నిజానికి ఆయన కిడ్నీ పరిస్థితి మారనే లేదు. క్రియాటినైన్ కొలవడానికి రెండు పద్ధతులున్నాయి. జాఫే అనే పాత పద్ధతి చవక, రంగు మారడాన్ని బట్టి చెబుతుంది, రక్తంలోని వేరే పదార్థాలు కూడా ఆ రంగులో కలిసిపోతాయి. ఎంజైమ్ పద్ధతి ఖరీదు ఎక్కువ, కానీ నమ్మదగినది. ఏ పద్ధతైనా మెషీన్‌ను అంతర్జాతీయ ప్రమాణానికి సరిచూడాలి, ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ రోజూ వేయాలి. మే నెలలో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరం వేరు చేయని రక్తం ట్యూబులు ఆటోలో రెండు గంటలు ఎండలో ప్రయాణిస్తే ఆ ఫలితాన్ని ఎలా నమ్మమంటారు? పొద్దుటి నుంచి చేలో పని చేసి మధ్యాహ్నం క్యాంపుకొచ్చిన మనిషి అంకె, అదే మనిషి ఉదయాన్నే నీళ్లు తాగి ఇచ్చిన అంకె ఒకటిగా ఉండవు. ఒక చిన్న పొరపాటు ఒక మనిషి విషయంలో పెద్దగా కనిపించదు. కానీ ఊరంతటినీ లెక్కేసేటప్పుడు ఐదుగురిలో ఒకరా, పదిమందిలో ఒకరా అన్న తేడా అక్కడే వచ్చేస్తుంది.

ఇంకో సంగతి. రిపోర్టు మీద క్రియాటినైన్ 1.2 అని ఉంటే చాలా ల్యాబులు 'నార్మల్' అని ముద్ర వేస్తాయి. పాతికేళ్ల కుర్రాడికి ఆ అంకె వస్తే కిడ్నీ పనితీరు లెక్క, అంటే ఈజీఎఫ్‌ఆర్, 85 పైనే ఉంటుంది. ఈ లెక్క ఎంత ఎక్కువుంటే కిడ్నీ అంత బాగున్నట్టు, కాబట్టి అతనికి పర్వాలేదు. అదే 1.2 యాభై ఐదేళ్ల ఆడమనిషికి వస్తే ఆ లెక్క 55 లోపే తేలుతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ చేసినా 60 లోపే ఉంటే ఆమెకు కిడ్నీ జబ్బు ఉన్నట్టే. కానీ ఆమె చేతిలో 'నార్మల్' కాగితం ఉంటుంది. ఇంటికెళ్లి ఒంటి నొప్పులకు కిడ్నీలకు చేటు చేసే డైక్లోఫెనాక్ బిళ్ల మళ్లీ వేసుకుంటుంది. వయసు, ఆడా మగా చూసి ఈజీఎఫ్‌ఆర్ లెక్కగట్టి రిపోర్టు మీద అచ్చు వేయడానికి పైసా ఖర్చు లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక సూత్రం పెడితే చాలు. ఇంత తేలికైన పనిని రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ల్యాబుకూ తప్పనిసరి చేయమని నా వేడుకోలు.

మూత్రంలో పట్టీ ముంచి చూసే క్యాంపుల మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోకండి. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో ముందే ప్రోటీన్ పోతుంది. ఈ జబ్బులో మొదట్లో ప్రోటీన్ అంతగా పోదు, పట్టీ రంగు మారదు. దేశమంతటా జరిగే అసాంక్రమిక వ్యాధుల స్క్రీనింగ్ ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్ల కోసం. మా ఊళ్లకు అది సరిపోదు. ఇక్కడ పద్దెనిమిది దాటినవాళ్లందరికీ క్రియాటినైన్ ఉండాలి.

ఇదంతా కొత్తగా కనిపెట్టాల్సిన పనీ కాదు. పేద ప్రాంతాల్లో కిడ్నీ పనితీరును అన్ని దేశాల్లోనూ ఒకే తీరున కొలవడానికి 'డిగ్రీ' అనే ప్రోటోకాల్ ఇప్పటికే ఉంది. ఊళ్లోంచి మనుషుల్ని ఎలా ఎంచాలి, రక్తం ఎలా తీయాలి, మెషీన్‌ను దేనితో సరిచూడాలి అన్నీ అందులో రాసిపెట్టారు. దాన్నే తీసుకోండి. పలాస పరిశోధన కేంద్రం, బరంపురం మెడికల్ కాలేజీ, భువనేశ్వర్‌లోని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రాంతీయ కేంద్రం, విశాఖ కేజీహెచ్ నాలుగూ కూర్చుని మిగతావాటికి ప్రమాణంగా ఉండే ఒక రిఫరెన్స్ ల్యాబును ఒప్పుకోవాలి. ఒకే రక్తాన్ని ట్యూబుల్లో పంచి నెలకోసారి అన్ని ల్యాబులకూ పంపాలి. ఎవరి అంకె పక్కకు జరుగుతుందో వాళ్ల మెషీన్ సరిచేయాలి. అప్పుడు కవిటిలో వచ్చిన 1.8, గిరిసోలలో వచ్చిన 1.8 ఒకటే అవుతాయి.

రిజిస్టర్‌కు మనిషిని గుర్తుపట్టే నంబరు కావాలి. ఆరోగ్య రికార్డుల కోసం ఇచ్చే పద్నాలుగు అంకెల ఆభా నంబరు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది కాబట్టి ఆ చిక్కు పెద్దది కాదు. అసలు చిక్కు వలస. తుపాను తర్వాత మా కుర్రాళ్లు హైదరాబాద్, చెన్నై, పోర్ట్‌బ్లెయిర్ దాకా వెళ్లారు. సర్వే వాళ్లు పగలు పదింటికి వస్తే ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లే కనిపిస్తారు. జబ్బు ముందుగా పట్టే వయసు మగవాళ్లు లెక్కలోకే రారు. సంక్రాంతికీ, ఊరి అమ్మవారి పండగలకూ అందరూ వస్తారు. రక్తం అప్పుడు తీయండి. మా ఆశా కార్యకర్తలను అడిగితే ఏ ఇంటి కొడుకు ఏ తేదీన దిగుతాడో చెబుతారు.

చావుల లెక్క మరీ అన్యాయంగా ఉంది. ఆసుపత్రిలో పోతేనే కాగితం మీద కారణం పడుతుంది. మా వాళ్లు ఎక్కువమంది ఇంట్లోనే పోతారు. చివరి రోజుల్లో ఇక లాభం లేదని తెలిశాక మంచం మీద నుంచి కదలమంటే కదలరు. పంచాయతీ పుస్తకంలో పేరు, వయసు, తేదీ ఉంటాయి, కారణం ఉండదు. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి వరుసగా ప్రశ్నలడిగి చావుకు కారణం తెలుసుకునే పద్ధతి మన దేశంలో జనగణన శాఖకు ఎప్పటి నుంచో తెలుసు. అదే పద్ధతిని ఈ మూడు జిల్లాల్లో ప్రతి ఇంటి చావుకూ వర్తింపజేయండి. తెలుగులోనూ ఒడియాలోనూ ఒకే ప్రశ్నలుండాలి.

రెండు రాష్ట్రాలు కలవడం వల్ల ఒక్కరికే దొరకని లాభం ఒకటుంది. మా వైపు ఊళ్లలో బోరు నీరు పోయి నది నీరు వచ్చింది. సరిహద్దు అవతల అదే నేల, అదే ఎండ, అదే పని, నీరు మాత్రం వేరు. ఇప్పటి నుంచి పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఉన్న ఆరోగ్యవంతులను రెండువైపులా ఎంచుకుని, ఏటా ఒకే పద్ధతిలో కిడ్నీ పనితీరు చూస్తే కొన్నేళ్లలో ఒక మాట తేలుతుంది. మా వైపు కుర్రాళ్ల కిడ్నీలు నిలబడి, అవతలివాళ్లవి జారిపోతుంటే తప్పు నీటిదే అనుకోవచ్చు. రెండువైపులా ఒకేలా జారుతుంటే వేరే కారణం వెతకాలి. కోట్లు పెట్టి వేసిన పైపులైన్ జబ్బును ఆపిందో లేదో చెప్పగల మార్గం ఇదొక్కటే కనిపిస్తోంది నాకు. ఒక్క రాష్ట్రం తన వైపే కొలుచుకుంటే పోల్చి చూడ్డానికి పక్కన ఏమీ ఉండదు. ఈ పోలికకు ఉన్న సమయం కూడా కరిగిపోతోంది. అవతల కూడా నీటి పథకాలు పూర్తయ్యాక ఈ తేడా మళ్లీ దొరకదు.

రాష్ట్రాలు కలిసి పని చేయడం కష్టమని మీ శాఖల్లో అంటారని తెలుసు. వంశధార నీళ్ల పంపకం మీద ఇవే రెండు రాష్ట్రాలు ట్రిబ్యునల్ ముందు కూర్చున్నాయి, 2017లో తీర్పు వచ్చింది. ఆ నది గురించి రెండువైపులా ఇంజినీర్ల దగ్గర ఏ నెలలో ఎంత ప్రవాహమో లెక్కలున్నాయి. ఆ నీళ్లు తాగే మనుషుల లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకు ఇలాంటి జబ్బే వచ్చింది. ఎల్ సాల్వడార్, నికరాగువా వేర్వేరు దేశాలు. అయినా 2013 ఏప్రిల్‌లో ఆ ప్రాంతపు ఆరోగ్య మంత్రులు శాన్ సాల్వడార్‌లో కూర్చుని, ఇది మా అందరి జబ్బు, కలిసి ఎదుర్కొంటాం అని ప్రకటన చేశారు. అదే ఏడాది పాన్ అమెరికన్ ఆరోగ్య సంస్థ దాన్ని తీవ్రమైన ప్రజారోగ్య సమస్యగా గుర్తించింది. వేర్వేరు దేశాలు చేయగలిగిన పనిని ఒకే దేశంలోని రెండు రాష్ట్రాలు చేయలేవా?

అక్కడి నుంచే నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. నికరాగువాలో ఒక చక్కెర మిల్లు కూలీలకు పని మధ్యలో తరచూ విశ్రాంతి, నీడ, తాగడానికి నీళ్లు, ఉప్పూ ఖనిజాలు కలిపిన ద్రవాలు ఇచ్చి, సీజన్ మొదట్లో, చివర్లో కిడ్నీలు కొలిచారు. విశ్రాంతి పెంచిన కొద్దీ కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. కారణం పూర్తిగా తేలేదాకా చేతులు కట్టుకు కూర్చోలేదు వాళ్లు. పలాస జీడిపిక్కల పరిశ్రమల్లో వేడి దగ్గర నిలబడి పని చేసే ఆడవాళ్లున్నారు. ఇటుక బట్టీలున్నాయి. మధ్యాహ్నం దాకా ఉపాధి పని చేసేవాళ్లున్నారు. పని దగ్గర నీడ, నీరు ఉండాలని ఉపాధి పనులకు నిబంధన ఉంది. కాగితం మీదే ఉంటోంది. ఒక సీజన్ పాటు పలాసలో కొన్ని జీడి యూనిట్లలో, గంజాంలో కొన్ని పని స్థలాల్లో విశ్రాంతి, నీడ, నీరు ఈ మూడూ నిజంగా ఇచ్చి, ముందూ తర్వాతా పరీక్షలు చేయండి. మాట వరసకు ఇచ్చే సలహా కాదిది. రక్తం తీసే మనిషిగా నేను వస్తాను, నాలాంటివాళ్లు ఇంకా వస్తారు.

ఒక్క షరతు మాత్రం మా ఊళ్ల తరఫున పెడుతున్నాను. మా వాళ్ల రక్తం చాలామంది పట్టుకెళ్లారు. ఫలితం చేతిలో పెట్టినవాళ్లు తక్కువ. "తీసుకెళ్లినోళ్లు మల్లీ రాలేదు బాబూ" అన్న మాట ప్రతి ఊళ్లోనూ వింటాను. అందుకే ఇప్పుడు క్యాంపు అంటే తలుపులు వేసుకునే ఇళ్లున్నాయి, వాళ్లను తప్పుపట్టలేను. ఇకమీదట రక్తమిచ్చిన ప్రతి మనిషికీ తన భాషలో తన అంకె, దాని అర్థం, ఎక్కడికి వెళ్లాలో రాసిన కాగితం పదిహేను రోజుల్లో అందాలి. ఊరి మొత్తం లెక్క ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి. మనుషుల పేర్లు మాత్రం ఎక్కడా బయటికి రాకూడదు. ఉద్దానం పిల్ల, ఉద్దానం కుర్రాడు అంటే సంబంధాలు వెనక్కి పోతున్న రోజులివి. ఎవరింట్లో జబ్బుందో ఆ జాబితా ఒక్కసారి ఫోన్లలో తిరిగితే ఆ ఇంట్లో పెళ్లిళ్లు ఆగిపోతాయి. పేర్లు లేకుండా లెక్కలు బయటపెట్టడం ఎలాగో క్యాన్సర్ రిజిస్ట్రీలు నడిపే ఐసీఎంఆర్‌కు తెలుసు. వాళ్ల కాపలాలోనే ఉంచండి.

మొదటి సమావేశం ఇచ్ఛాపురంలో పెట్టండి. ఇద్దరు ముఖ్య కార్యదర్శులు రాలేకపోతే మూడు జిల్లాల డీఎంహెచ్‌ఓ స్థాయి అధికారులు, పలాస, బరంపురం కిడ్నీ డాక్టర్లు, నాలుగు ల్యాబుల ఇన్‌చార్జులు చాలు. ఏ పద్ధతిలో కొలవాలి, ఏ నంబరుతో రాయాలి, ఎవరి దగ్గర ఉంచాలి అన్న మూడు విషయాలు తేలితే ఆ రోజుకు సరిపోతుంది. వచ్చే ఎండాకాలం మొదలయ్యేలోపు మొదటి విడత రక్తపరీక్షలు అయిపోవాలి, ఎందుకంటే ఎండలు ముదిరాక తీస్తే ఏ అంకె ఎండది, ఏ అంకె జబ్బుది తెలియకుండా పోతుంది. రెండో విడత మూడు నెలలు దాటాక, వానలు పడ్డాక చేసుకోవచ్చు. మా ఏడు మండలాల్లో ఏ పీహెచ్‌సీలో మెషీన్ పని చేస్తోందో, ఎక్కడ కెమికల్స్ అయిపోయాయో, ఎక్కడ శాంపిల్స్ దాచడానికి ఫ్రిజ్ లేదో తోటి టెక్నీషియన్లను అడిగి ఒక జాబితా రాస్తున్నాం. గంజాం వైపు అలాంటి జాబితా సిద్ధం చేయమని బరంపురం మిత్రులను అడిగాను. సమావేశం తేదీ ప్రకటించగానే రెండూ మీ బల్ల మీద ఉంటాయి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్